గ్రాఫిక్ డిజైనర్ సొంత వెబ్‌సైట్: అడ్రసు ఎవరిది, పని ఎవరిది, పేరు ఎవరిది?

"మీ వర్క్ లింక్ ఉంటే పంపండి" అని మెసేజ్ వస్తుంది. పదేళ్లుగా ఫ్లెక్సీలు, శుభలేఖలు, స్వీట్ షాపుల డబ్బాలు, పచ్చడి సీసాల లేబుళ్లు చేసిన మనిషికి ఆ ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగిపోతుంది. పనికి కొదవ లేదు, హార్డ్ డిస్క్ నిండా కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లే. కానీ పంపడానికి లింక్ ఏది? ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్‌లో డిజైన్ల మధ్య పాప పుట్టినరోజు ఫొటోలున్నాయి. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ పంపితే "యాక్సెస్ రిక్వెస్ట్" అడుగుతుంది. పీడీఎఫ్ చేస్తే 80 ఎంబీ అయింది. సొంత వెబ్‌సైట్ పెట్టుకోమని ఒకరు, ఈ రోజుల్లో సైట్లెవరు చూస్తారని ఇంకొకరు. దీనికి తోడు, నెట్‌లో పెడితే ఏఐ వాళ్లు ఎత్తుకుపోతారన్న భయం ఒకటి.

ఈ గందరగోళమంతా సైట్ ఎంత అందంగా ఉండాలన్న దాని గురించి కాదని నాకనిపిస్తుంది. అందం డిజైనర్‌కు తెలిసిన విద్యే. చిక్కు మూడు చోట్ల ఉంది. ఆ అడ్రసు ఎవరి చేతుల్లో ఉంది, అందులో పెట్టే పని చట్టప్రకారం ఎవరిది, దాని కింద ఎవరి పేరు ఉండాలి. వీటిని కలిపేసి ఆలోచిస్తే దేనికీ జవాబు దొరకదు.

పోర్ట్‌ఫోలియోకు, శాంపిల్ ఆల్బమ్‌కు తేడా

పోర్ట్‌ఫోలియో అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. కాగితాలు పెట్టుకుని మోసుకెళ్లే సంచి అని దాని అసలు అర్థం. చిత్రకారులు, ఆర్కిటెక్టులు తమ పనిని పెద్ద అట్ట ఫోల్డర్లలో పెట్టుకుని వెళ్లి చూపించేవాళ్లు. ఆ ఫోల్డరే ఇప్పుడు వెబ్ పేజీ అయింది.

మన దగ్గర దానికి దగ్గరగా కనిపించేది శుభలేఖల దుకాణంలోని శాంపిల్ ఆల్బమ్. పేజీలు తిప్పుతాం, నచ్చినదాని నంబరు చెప్తాం, వంద కార్డులకు ఎంతని అడుగుతాం. ఎవరు గీశారని అడగం, ఆ అవసరమూ రాదు. ఎందుకంటే మనకు కావాల్సిన వస్తువు అప్పటికే అక్కడ ఉంది. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు కావాల్సిన లేబులో లోగోనో ఇంకా పుట్టలేదు. పాత పనుల్ని చూసి, ఈ మనిషి మన పనిలో ఎలాంటి నిర్ణయాలు తీసుకుంటాడో అంచనా వేసుకోవాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గుంటూరు దగ్గర గోంగూర పచ్చడి చేసే ఓ చిన్న సంస్థకు లేబుల్ చేశారు. సైట్‌లో దాన్ని ఒక ఫొటోగా పెట్టి, కింద "గోంగూర పచ్చడి లేబుల్" అని రాయొచ్చు. లేదా ఇలా రాయొచ్చు: "సీసా గుండ్రంగా ఉంటుంది. అరలో పెట్టినప్పుడు ఎదురుగా కనిపించేది లేబుల్‌లో మూడో వంతే. పాత లేబుల్‌లో పేరు ఆ హద్దు దాటి పక్కకు తిరిగిపోయేది, అందుకని రెండు వరుసలు చేశాం. నూనె చేతులతో పట్టుకునే సీసా కనుక లేత రంగు కాగితం మానేసి, ముదురు రంగు మీద లామినేషన్ వేయించాం. శాకాహార గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ అన్నీ ఒకే అంచుకు చేర్చాం."

రెండోది చదివిన పచ్చళ్ల వ్యాపారికి, ఈ డిజైనర్ సీసాను చేతిలో పట్టుకుని చూశాడని అర్థమవుతుంది. ఇలాంటి కథనాన్నే ఈ రంగంలో కేస్ స్టడీ అంటారు.

దీనికి అభ్యంతరం కూడా ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. రోజుకు పదుల సంఖ్యలో లింకులు తెరిచే ఆర్ట్ డైరెక్టర్ ఒక్కో సైట్ మీద కొన్ని క్షణాలే ఉంటాడు. అతనికి ముందు కంటికి ఏదో ఆనాలి, చదవడం తర్వాత. బొమ్మలు గీసేవాళ్లు, టైటిళ్లకు చేతిరాత అక్షరాలు రాసేవాళ్లు ఎక్కువ వివరణ ఇస్తే పని పలచబడుతుందని కూడా అంటారు, అందులోనూ నిజముంది. కాబట్టి కథనం ఎంత పొడవుండాలన్నది పనిని బట్టి మారుతుంది. ప్యాకేజింగ్, బ్రాండింగ్ లాంటి వాటిలో నిర్ణయాలు కంటికి కనిపించవు గనక చెప్పాలి. సినిమా టైటిల్ అక్షరాల్లో అవి కంటికే కనిపిస్తాయి.

అడ్రసు: డొమైన్, హోస్టింగ్, బిల్డర్ అనే మూడు వేర్వేరు సంగతులు

"సైట్ కొన్నాను" అని మామూలుగా అంటుంటాం. నిజానికి అందులో మూడున్నాయి. డొమైన్ అంటే పేరు: డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి తోకతో ఉండే చిరునామా. దాన్ని కొనం, ఏడాదికింతని కట్టి మన పేరున నమోదు చేయించుకుంటాం. డాట్ ఇన్ పేర్లను మన దేశంలో నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తుంది. హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉండే కంప్యూటర్‌లో చోటు. బిల్డర్ అంటే పేజీలు తయారుచేసే పనిముట్టు: విక్స్, స్క్వేర్‌స్పేస్, ఫ్రేమర్, వెబ్‌ఫ్లో, వర్డ్‌ప్రెస్ వంటివి. చాలా కంపెనీలు ఈ మూడింటినీ ఒకే ప్యాకేజీగా అమ్ముతాయి కనుక తేడా తెలియదు. కంపెనీ మారాలనుకున్న రోజున తెలుస్తుంది. డొమైన్‌ను ఇంకో చోటికి తీసుకెళ్లొచ్చు. బిల్డర్‌లో కట్టిన పేజీలు చాలాసార్లు అక్కడే ఉండిపోతాయి.

వర్డ్‌ప్రెస్ పేరుతో ఒక తికమక అదనం. 2003లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎక్కడ హోస్టింగ్ తీసుకుంటే అక్కడ పెట్టుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది అదే సాఫ్ట్‌వేర్‌ను నడిపి పెట్టే ఒక కంపెనీ సర్వీసు. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే ధరలు అర్థం కావు.

ఖర్చు లెక్క కూడా తొలి ఏడాది ధరతో తేలదు. ఉదాహరణకు ఒక డొమైన్ తొలి ఏడాది 199 రూపాయలు, తర్వాత ఏటా రెన్యువల్ 999 అనుకుందాం. పెద్ద అక్షరాల్లో కనిపించేది 199. ఐదేళ్లకు అయ్యేది 199కి 3,996 కలిపితే 4,195. భరించలేని ఖర్చేమీ కాదు, కానీ ఊహించని ఖర్చు కావడంతో చాలామంది రెండో ఏడాది వదిలేస్తారు. డాట్ కామ్ పేరు గడువు దాటితే కొన్నాళ్లు మామూలు ధరకే పునరుద్ధరించుకునే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకునే దశ. అదీ దాటితే ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. విజిటింగ్ కార్డు మీద ముద్రించిన అడ్రసు మరొకరి చేతికి పోతుంది.

ఇంతకంటే తరచుగా జరిగేది ఇంకొకటుంది. తెలిసిన కుర్రాడు సైట్ చేసి పెడతాడు, డొమైన్ తన ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేస్తాడు. మోసం చేయాలని కాదు, ఆ క్షణానికి అదే సులువు. నాలుగేళ్ల తర్వాత అతను వేరే దేశం వెళ్తాడు, నంబరు మారుతుంది, రెన్యువల్ నోటీసు అతను తెరవని మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో అడ్రసు వాళ్లదే, డబ్బు ఎవరిచ్చినా సరే.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టే దారులు లేకపోలేదు. 2005లో మొదలై 2012లో ఫొటోషాప్ కంపెనీ అడోబీ చేతికి వచ్చిన బిహాన్స్ అనే పోర్ట్‌ఫోలియో సైట్ ఉచితం. అడోబీ సాఫ్ట్‌వేర్ల క్రియేటివ్ క్లౌడ్ చందా కట్టేవాళ్లకు అడోబీ పోర్ట్‌ఫోలియో అనే సైట్ బిల్డర్ దానితో పాటే వస్తుంది, అయితే చందా నడిచినంత కాలమే అది ఉంటుంది. కోడ్ రాయగలిగితే గిట్‌హబ్ పేజెస్ అనే హోస్టింగ్ సర్వీసులో ఉచితంగా సైట్ పెట్టుకోవచ్చు. తెలుగు లిపిలో డాట్ భారత్ అనే తోకతో డొమైన్ పెట్టుకునే వీలు కూడా ఉంది. పేరు మన లిపిలో చూసుకుంటే కలిగే సంతోషం నిజమైనదే. అయితే చాలా వెబ్ ఫారాలు దాన్ని గుర్తించవు, కొన్ని చోట్ల అది ఎక్స్ ఎన్ అని మొదలయ్యే అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాల వరుసగా కనిపిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ ఉండగా సైట్ ఎందుకన్న ప్రశ్న

ఇది న్యాయమైన ప్రశ్న. శుభలేఖలు, బొటిక్ లోగోలు, కేఫ్ మెనూలు చేసేవాళ్లకు పని చాలావరకు ఇన్‌స్టాగ్రామ్ నుంచే వస్తుంది. కొత్తవాళ్లు మనల్ని కనుక్కునే చోటు అదే. సొంత సైట్‌కు ఎవరూ దారిన పోతూ రారు, లింక్ ఇస్తేనే వస్తారు. ఆ సంగతి దాచి "సైట్ పెడితే క్లయింట్లు వస్తారు" అని చెప్పేవాళ్లు సగమే చెప్తున్నారు.

రెండో సగం ఇది. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లోని చదరపు గడుల్ని నిలువు గడులుగా మార్చింది. మూడు గడులు కలిస్తే ఒక బొమ్మ అయ్యేలా, అంచులు కలిసేలా ఏళ్ల తరబడి పేర్చుకున్న డిజైనర్ల పేజీలు ఒక్కసారిగా చెదిరిపోయాయి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ మీద పేరు తెచ్చుకున్న మనవాళ్ల వీడియోలు, అనుచరులు ఒకేసారి దూరమయ్యారు. ఆ చోటు వాళ్లది కాదు.

సొంత సైట్ అయితే శాశ్వతమనీ చెప్పలేం. 2000ల మొదట్లో డిజైనర్ల సైట్లంటే ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో చేసినవే. పేజీ తెరుచుకోగానే కదిలే అక్షరాలు, సంగీతం. ఐఫోన్ దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. ఎంతో శ్రమపడి చేసిన ఆ సైట్లు ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకోవు. అడ్రసు సొంతదే, లోపల వాడిన పనిముట్టు మరొకరిది. మామూలు వెబ్ పేజీగా, మామూలు చిత్రాలతో చేసిన ఆ కాలపు సైట్లు మాత్రం ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి.

అందుకే చాలామంది అనుభవజ్ఞులు రెంటినీ పోటీగా చూడరు. పరిచయానికి ఇన్‌స్టాగ్రామ్, తీరిగ్గా చూడడానికి సైట్.

తెలుగు అక్షరం వెబ్ పేజీ మీద ఎక్కడ విరుగుతుంది

ఇంగ్లిష్‌లో చెప్పే పోర్ట్‌ఫోలియో పాఠాల్లో ఈ భాగం ఉండదు. తెలుగు పని చేసేవాళ్లకు మాత్రం అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పని నడిచింది అను ఫాంట్స్ లాంటి పాత తరహా ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిష్ అక్షరాల గుంపు, ఆ ఫాంట్ తొడిగితేనే తెలుగులా కనిపిస్తుంది. అదే మాటను కాపీ చేసి వెబ్ పేజీలో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. అన్ని భాషల లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకు 128 స్థానాలతో విడిగా ఒక గది ఉంది, "క" ఎక్కడ తెరిచినా "క"నే. అందుకే పాత పనిని సైట్‌లో పెట్టేటప్పుడు డిజైన్ బొమ్మగా వచ్చేస్తుంది గానీ, దాని పక్కన రాసే మాటల్ని యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయడమో, కన్వర్టర్‌లో మార్చి తప్పులు దిద్దడమో తప్పదు.

తర్వాత టెంప్లేట్ గొడవ. బిల్డర్లు ఇచ్చే టెంప్లేట్లు ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారైనవి. ఇంగ్లిష్ అక్షరం ఒకే గీత మీద నిలబడుతుంది. మనది పైకి గుడులు, కిందికి ఒత్తులు. "రాష్ట్రం" అని రాస్తే కింద రెండు ఒత్తులు దిగుతాయి. టెంప్లేట్‌లో వరుసల మధ్య దూరం బిగించి ఉంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని తాకుతాయి. శీర్షికల పెట్టెకు ఎత్తు గట్టిగా కట్టేసి ఉంటే ఒత్తు కిందిభాగం తెగిపోతుంది. శీర్షికల్లో అక్షరాల మధ్య ఖాళీ పెంచడం ఇంగ్లిష్‌లో పాత అలవాటు. తెలుగులో అదే చేస్తే పదం విడిపోయి, ఏ ముక్క ఏ మాటదో కంటికి అందదు. వాలు అక్షరాల సంగతీ అంతే. తెలుగు ఫాంట్లలో చాలావాటికి వాలు రూపం ఉండదు, బ్రౌజర్ నిలువు అక్షరాన్నే పక్కకు లాగి చూపిస్తుంది.

ఇంకో చిక్కు పైకి కనిపించదు. టెంప్లేట్ వాడే ఫాంట్‌లో తెలుగు లేకపోతే బ్రౌజర్ ఆ పరికరంలో ఉన్న తెలుగు ఫాంట్‌ను పెట్టేస్తుంది. విండోస్‌లో నిర్మల యూఐ, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా నోటో. డిజైనర్ తన ల్యాప్‌టాప్‌లో చూసుకుని మురిసిపోయిన పేజీ క్లయింట్ ఫోన్‌లో వేరే మొహంతో తెరుచుకుంటుంది. అక్షరాల ఎంపికే తన వృత్తి అయిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

దీనికి మందు, సైట్‌తో పాటే ఫాంట్‌ను పంపడం. దాన్నే వెబ్‌ఫాంట్ అంటారు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, పొన్నాల, సురవరం, గిడుగు, ధూర్జటి వంటివి, అనెక్ తెలుగు, బాలూ తమ్ముడు, హింద్ గుంటూరు, టిరో తెలుగు వంటివి ఉచిత లైసెన్స్‌తో ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న ఫాంట్ల విషయంలో మాత్రం గమనించాల్సింది ఒకటుంది: కంప్యూటర్‌లో వాడుకునే లైసెన్స్, వెబ్‌లో వాడుకునే లైసెన్స్ చాలా కంపెనీల దగ్గర వేర్వేరు. పోస్టర్‌కు కొన్న ఫాంట్‌ను సైట్‌లో ఎక్కించే హక్కు దానంతటది రాదు.

తెలుగు ఫాంట్ ఫైలు ఇంగ్లిష్ ఫాంట్ కంటే సాధారణంగా బరువు. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలన్నిటికీ విడివిడి రూపాలు ఉండాలి. బరువు తగ్గించడానికి వాడని అక్షరాలు తీసేయడం ఇంగ్లిష్ సైట్లలో మామూలే. తెలుగులో అది జాగ్రత్త లేకుండా చేస్తే, ఒత్తుల్ని కలిపే నియమాలు కూడా పోయి "స్త్రీ" ముక్కలై కనిపిస్తుంది.

బొమ్మల బరువు: ఒక చిన్న లెక్క

ప్రింట్ నుంచి వచ్చినవాళ్లకు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఒక నమ్మకం. ఏ4 పోస్టర్ 300 డీపీఐలో 2,480 బై 3,508 పిక్సెళ్లు, అంటే దాదాపు 87 లక్షలు. స్క్రీన్ మీద ఆ డీపీఐ అంకెకు పనేమీ లేదు, పిక్సెళ్ల సంఖ్యే లెక్క. అదే పోస్టర్‌ను 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తెస్తే 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లే. నాలుగో వంతు కూడా లేదు, ఫోన్‌లో మాత్రం తేడా కనపడదు.

పేజీలో 20 బొమ్మలున్నాయి, ఒక్కోటి 5 ఎంబీ అనుకుందాం. మొత్తం 100 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్ల నెట్ మీద పూర్తిగా దిగడానికి 80 సెకన్లు. ఒక్కో బొమ్మను 250 కేబీకి తెస్తే మొత్తం 5 ఎంబీ, 4 సెకన్లు. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టని గూగుల్ కొలమానం. ఫొటోలకు వెబ్‌పీ, లోగోలకు ఎస్‌వీజీ అనే ఫైలు రకాలు వాడితే ఈ బరువు ఇంకా దిగుతుంది.

రంగుల్లో ఒక ఉచ్చు ఉంది. ప్రెస్‌కు పంపిన ఫైలు సీఎంవైకే అనే ప్రింటింగ్ రంగుల పద్ధతిలో ఉంటుంది. దాన్ని స్క్రీన్ రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలోకి మార్చకుండా నేరుగా ఎక్కిస్తే బ్రౌజర్‌ను బట్టి పసుపు, ఎరుపు వికారంగా మారొచ్చు. పసుపు కుంకుమల శుభలేఖకు అంతకంటే అన్యాయం లేదు.

పని ఎవరిది: 1957 చట్టం ఏం చెప్తుంది

"నేను చేశాను కాబట్టి నాదే" అని డిజైనర్, "నేను డబ్బిచ్చాను కాబట్టి నాదే" అని క్లయింట్. రెండూ పూర్తి నిజాలు కావు.

కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం సృష్టించినవాళ్లే మొదటి హక్కుదారులు. దానికి మినహాయింపులున్నాయి. ఉద్యోగంలో భాగంగా చేసిన పని, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. డబ్బు తీసుకుని చేసిచ్చిన ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివి, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవాళ్లవి. మినహాయింపుల జాబితాలో లోగో, లేఅవుట్ వంటి డ్రాయింగ్‌ల ప్రస్తావన లేదు. ఇక 19వ సెక్షన్: హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకు అని లెక్క.

ముగ్గురిని ఊహించుకుందాం. మొదటి అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీలో నెల జీతానికి పనిచేస్తుంది. ఆమె చేసిన బ్యానర్ల కాపీరైట్ ఏజెన్సీది. ఉద్యోగం మానేశాక వాటిని సైట్‌లో పెట్టాలంటే, ఆఫర్ లెటర్‌లో ఏముందో చూడాలి, లేదా అనుమతి అడగాలి. రెండో ఆయన విజయవాడలో ఫ్రీలాన్సర్. బేకరీకి లోగో చేశాడు, ఫోన్ మాటలే తప్ప కాగితం లేదు, ఓపెన్ ఫైలు (మార్పులు చేసుకునే వీలున్న అసలు ఫైలు) ఇచ్చేశాడు. ఓపెన్ ఫైలు ఇవ్వడం హక్కు రాసివ్వడం కాదు. చట్టం మాటల్ని బట్టి కాపీరైట్ అతని దగ్గరే ఉందనడానికి బలమైన ఆధారముంది. మూడో ఆమె కూడా ఫ్రీలాన్సరే, కానీ "సర్వ హక్కులూ శాశ్వతంగా" అని రాసి సంతకం పెట్టింది. సైట్‌లో చూపించుకునే అనుమతిని అందులో విడిగా రాసుకోకపోతే ఆ తలుపు మూసుకున్నట్టే. అందుకే ఒప్పందంలో "నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చు" అన్న ఒక్క వాక్యానికి అంత విలువ.

57వ సెక్షన్ ఇంకో సంగతి చెప్తుంది. కాపీరైట్ బదిలీ అయ్యాక కూడా "ఇది నేను చేశాను" అని చెప్పుకునే హక్కు సృష్టికర్తకు ఉంటుంది. కానీ చేశానని చెప్పుకోవడం, బొమ్మను ప్రదర్శించడం ఒకటి కావు. ఆ సెక్షన్ ప్రదర్శించే అనుమతిని చేతికివ్వదు. విమర్శ, సమీక్ష, సొంత వాడకం లాంటి వాటికి చట్టంలో ఉన్న వెసులుబాట్లలోనూ పోర్ట్‌ఫోలియో పేరు లేదు. క్లయింట్ల వాదనలో న్యాయం ఇక్కడ కనిపిస్తుంది: ఇంకా మార్కెట్‌లోకి రాని సరుకు లేబుల్, విడుదల కాని సినిమా పోస్టర్ ముందే బయటపడితే నష్టం వాళ్లదే. గోప్యత ఒప్పందం మీద సంతకం ఉంటే కాపీరైట్ ఎవరిదన్న చర్చకు ముందే అది అడ్డు నిలుస్తుంది. చాలామంది డిజైనర్లు అలాంటి పనిని పాస్‌వర్డ్ పేజీలో పెట్టి, అనుమతి ఉన్నంతవరకే చూపిస్తారు.

శుభలేఖల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాటిలో తాతల పేర్ల నుంచి ఇంటి నంబరు, ఫోన్ నంబరు వరకు అన్నీ ఉంటాయి. డిజైన్ హక్కు ఎవరిదైనా ఆ వివరాలు ఆ కుటుంబానివి. పేర్లు మార్చి, అడ్రసు తీసేసి పెడితే డిజైన్‌కు పోయేదేమీ లేదు.

పేరు: సంతకం నుంచి క్రెడిట్ లైన్ వరకు

తెలుగువాళ్లకు డిజైనర్ పేరు కొత్త సంగతి కాదు. బాపు సంతకం తెలియని తెలుగు పాఠకులు ఒకప్పుడు అరుదు. గోడల మీద సినిమా వాల్‌పోస్టర్ మూలన "ఈశ్వర్" అన్న సంతకం చూసి పెరిగిన తరం ఉంది. ఆ రెండూ ఒకరకంగా వాళ్ల పోర్ట్‌ఫోలియోలే, ఊరూరా అతికించినవి. ఫ్లెక్సీల కాలంలో ప్రింటింగ్ షాపు పేరు, ఫోన్ నంబరు మూలన మిగిలాయి, గీసిన మనిషి పేరు ఎగిరిపోయింది. సొంత సైట్ ఆ పేరును మళ్లీ పనికి జతచేస్తుందన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన కారణం.

అదే కారణంతో అక్కడ కచ్చితత్వం కావాలి. ఒక బ్రాండ్ పనిలో లోగో ఒకరిది, ఫొటోలు ఒకరివి, మాటలు ఇంకొకరివి ఉంటాయి. పేజీ మొత్తం కింద ఒకే పేరు ఉంటే, ఆ ఫొటోగ్రాఫర్‌ను కూడా తెలిసిన ఆర్ట్ డైరెక్టర్‌కు మిగతా పేజీల మీద నమ్మకం పోతుంది. "తెలుగు అక్షరాలు, లేఅవుట్: నేను. ఫొటోలు: వేరొకరు" అని రాసినందువల్ల పని చిన్నదైపోదు.

క్లయింట్ లేకుండా అభ్యాసం కోసం చేసిన పనిదీ ఇదే దారి. పేరున్న కంపెనీకి ఊహించి చేసిన కొత్త లోగోను, నిజంగా వాళ్లకు చేసినట్టు చూపిస్తే అబద్ధమవుతుంది. "సొంతంగా చేసిన అభ్యాసం" అని పైనే రాస్తే అదే పని ఆలోచనకు సాక్ష్యమవుతుంది. కొందరు నియామకదారులు వీటిని లెక్కలోకి తీసుకోరు, నిజమైన క్లయింట్, నిజమైన బడ్జెట్, నిజమైన కరెక్షన్లు ఉన్న పనినే చూస్తామంటారు. కాలేజీ నుంచి అప్పుడే బయటికి వచ్చినవాళ్లకు మాత్రం చూపించడానికి వేరే ఏమీ ఉండదు.

ఏఐ భయం: సైట్‌లో పెడితే ఏమవుతుంది, ఏం ఆపగలం

2022 డిసెంబర్‌లో ఆర్ట్‌స్టేషన్ అనే పోర్ట్‌ఫోలియో సైట్ నిండా కళాకారులు "ఏఐ వద్దు" అన్న ఒకే బొమ్మను పెట్టి నిరసన తెలిపారు. 2024 జూన్‌లో అడోబీ తన నిబంధనల్లో మార్పులు చేసినప్పుడు, మా ఫైళ్లతో ఏఐకి శిక్షణ ఇస్తారా అని వాడకందార్లు నిలదీశారు. కస్టమర్ల ఫైళ్లతో తన బొమ్మల ఏఐ ఫైర్‌ఫ్లైకి శిక్షణ ఇవ్వబోమని కంపెనీ వివరణ ఇచ్చి, నిబంధనల భాషను సవరించింది. భయం ఊరికే పుట్టలేదు.

సొంత సైట్‌లో మన చేతిలో ఉండే ఒక సాధనం రోబోట్స్ డాట్ టెక్స్ట్ అనే చిన్న ఫైలు. ఏ కంపెనీ యంత్రం ఏ పేజీలు చదవకూడదో అందులో రాస్తాం. 1994 నాటి పద్ధతి ఇది. 2023లో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ, వెబ్ పేజీలు చదివే తన యంత్రం జీపీటీబాట్‌ను దీనితో అడ్డుకోవచ్చని ప్రకటించింది. అదే ఏడాది గూగుల్ కూడా సెర్చ్‌లో కనిపించడం మీద ప్రభావం లేకుండా ఏఐ శిక్షణకు మాత్రం వద్దని చెప్పే వీలు ఇచ్చింది. అయితే ఇది గుమ్మానికి కట్టిన బోర్డు, తాళం కాదు. మర్యాద పాటించేవాళ్లే పాటిస్తారు. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు తెచ్చిన గ్లేజ్ లాంటి పనిముట్లు బొమ్మలో కంటికి దాదాపు అందని మార్పులు చేసి, శైలిని అనుకరించడం కష్టం చేస్తాయి. చదునైన రంగులున్న లోగోల మీద ఆ మార్పులు కనపడే అవకాశం ఎక్కువ. పెద్ద వాటర్‌మార్క్ వేస్తే దొంగతో పాటు క్లయింట్‌కు కూడా పని కనపడదు.

అసలు నెట్‌లో పెట్టకపోవడమే మేలనేవాళ్లూ ఉన్నారు. అడిగినవాళ్లకే పీడీఎఫ్ పంపుతారు. అప్పటికే పేరున్న డిజైనర్‌కు అది సరిపోతుంది. పేరు రావాల్సినవాళ్లకు అదే తలుపు మూసేస్తుంది.

ఇదే ఏఐ వల్ల ఇంకొకటి జరుగుతోంది. మెరిసిపోయే ఫైనల్ బొమ్మ ఒక్కటే ఉంటే, అది మనిషి చేసిందో యంత్రం చేసిందో చూసేవాళ్లకు తెలియడం లేదు. అడోబీ, బీబీసీ, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు 2021లో మొదలుపెట్టిన సీ2పీఏ ప్రమాణం, ఫైలు ఎక్కడ పుట్టి ఎలా మారిందో ఆ ఫైలుతోనే ప్రయాణించేలా చేయాలని చూస్తోంది. ఫైలును మళ్లీ సేవ్ చేసినా, స్క్రీన్‌షాట్ తీసినా ఆ వివరాలు పోవచ్చు. అందుకని కొందరు డిజైనర్లు సాదా పద్ధతి పట్టుకున్నారు. గోంగూర లేబుల్ పేజీలో ఫైనల్ సీసా ఫొటో కింద పెన్సిల్‌తో గీసిన తొలి చిత్తు, క్లయింట్ వద్దన్న రెండో రకం, ప్రెస్ నుంచి వచ్చిన తొలి ప్రూఫ్ మీద ఎర్ర ఇంకుతో రాసిన "ర పక్కన సున్నా ఉండకూడదు, తీసేయండి" అన్న దిద్దుబాటు కూడా పెడుతున్నారు.